గజ్జెలు ఎవరివి? (ఆట - కులం: 4వ భాగం)

ఈ వారం బుర్రకథ గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. మధ్యలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న అడ్డం పడింది.

మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం. మాదిగపల్లె పిల్ల. ఆరో తరగతి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. వచ్చే నెల రంగప్రవేశం. అంటే ఇన్నేళ్లు నేర్చుకున్నది తొలిసారి ఒక్కతే సభలో ఆడి చూపించాలి. ఆహ్వాన పత్రికలో కుటుంబ పరిచయం కోసం "మా తాతయ్య ఊళ్లో డప్పు కొట్టేవాడు, తాళం నాకు ఆయన దగ్గరే అబ్బింది" అని రాసుకెళ్లింది. అక్కడ ఒక పెద్దాయన చదివి, "తాత సంగతి ఎందుకులేమ్మా, కళాభిమానుల కుటుంబం అని రాయి, చాలు" అన్నాడట. అదే వారం మన కుర్రాడొకడు "మనకెందుకక్కా ఆ బాపనోళ్ల డాన్సు" అన్నాడట. రెండు మాటలూ మోసుకొచ్చి నా ముందు పెట్టింది.

"మేడమ్, ఇంతకీ ఇది ఎవరి డాన్సు? నేను ఆడొచ్చా, ఆడకూడదా?"

ఆడాలా వద్దా అన్నది తను తేల్చుకోవాల్సింది. ఎవరిది అన్నది మాత్రం చరిత్ర. అది చెప్పడం నా పని.

రంగప్రవేశాన్ని తమిళంలో అరంగేట్రం అంటారు. అరంగం ఎక్కడం అని అర్థం. ప్రాచీన తమిళ కావ్యం శిలప్పదికారంలో దీనికి ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. మాధవి అయిదో ఏట మొదలుపెట్టి ఏడేళ్లు నేర్చుకుని, పన్నెండో ఏట చోళరాజు ముందు ఆడి మెప్పు పొందుతుంది. ఆ మాధవి గృహిణి కాదు, గణికల ఇంటి పిల్ల. మన తెలుగునాట కళావంతుల ఇళ్లలో దీనికి సాటి వచ్చేది గజ్జెపూజ. గజ్జెలకు పూజ చేసి కాలికి కట్టుకోవడంతో ఆ పిల్ల వృత్తిలోకి వచ్చినట్టు. ఇవాళ మధ్యతరగతి ఇళ్లలో పెళ్లంత ఆర్భాటంగా, లక్షలు పోసి చేస్తున్న రంగప్రవేశానికి ముందు తరం ఆ గజ్జెపూజే.

ఆడే అంశాలు కూడా అంతే. అలరింపు, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, జావళి, తిల్లానా అనే భరతనాట్య వరుసను 19వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు నట్టువ సోదరులు స్థిరపరిచారు. అప్పట్లో దాన్ని ఆడింది దేవదాసీలు. అందులో పాడే క్షేత్రయ్య పదాలు మన తెలుగువే. క్షేత్రయ్యది మొవ్వ, కూచిపూడికి పక్క ఊరు. ఆ పదాలను తరతరాలుగా గొంతులోనూ అభినయంలోనూ దాచిపెట్టి మనదాకా తెచ్చింది ఈ స్త్రీలే. మేజువాణీల్లో, గుళ్లలో, పెళ్లి మేళాల్లో.

మరి వాళ్లు ఏమయ్యారు?

19వ శతాబ్దం చివర భోగంమేళాల వ్యతిరేక ఉద్యమం వచ్చింది. మన దగ్గర దానికి వీరేశలింగం ముందు నిలిచారు. నేను పాఠం చెప్పే వీరేశలింగమే. ఆయన చేసిన మేలు చిన్నది కాదు, కాదనను. కానీ తంజావూరు ఆస్థాన గణిక ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని అశ్లీలమని తీసిపారేసింది కూడా ఆయనే. ఆ కావ్యాన్ని 1910లో పరిష్కరించి అచ్చువేసింది బెంగుళూరు నాగరత్నమ్మ, ఆమె కూడా దేవదాసీయే. తెల్ల ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

1927లో ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ సమర్పణ ఆపాలని తీర్మానం తెచ్చారు. ఆమె తల్లిదీ ఆ కులమే. కొన్ని దేవదాసీ సంఘాలు దీన్ని ఎదిరించి ప్రభుత్వానికి విన్నపాలు పంపాయి. చివరికి 1947లో చట్టం వచ్చింది. సమర్పణ ఆగింది. దాంతోపాటే ఆ స్త్రీల ఆట కూడా ఆగింది.

అదే కాలంలో మరోవైపు 'సదిర్' పేరు 'భరతనాట్యం'గా మారింది. బాలసరస్వతి దేవదాసీ కుటుంబం నుంచి వచ్చి, ఏడేళ్ల వయసులో 1925లో కాంచీపురం గుడిలో అరంగేట్రం చేసింది. పదేళ్లకు, 1935 డిసెంబరులో, బ్రాహ్మణ స్త్రీ రుక్మిణీదేవి అడయారులో ఆడింది. ఆమె గురువు నట్టువ కులానికి చెందిన మీనాక్షిసుందరం పిళ్లై. వెంటనే 1936లో కళాక్షేత్ర పుట్టింది. పుట్టుకతో ఆ ఆట వచ్చినవాళ్లకు సిగ్గు మిగిలింది. డబ్బుతో నేర్చుకున్నవాళ్లకు గౌరవం దక్కింది.

కూచిపూడి కథ ఇంకాస్త వేరు. అది బ్రాహ్మణ మగవాళ్ల భాగవతమేళం. సత్యభామ వేషం కూడా మగవాళ్లే కట్టేవారు. కానీ భామాకలాపం వాళ్లొక్కరి సొత్తు కాదు, గోదావరి జిల్లాల కళావంతులు కూడా ఆడేవారు. 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటివారు స్త్రీలకు నేర్పి, ఒక్కరే ఆడే అంశాలు తెచ్చారు. ఆ ఏకపాత్ర కచేరీలో కళావంతుల పదాలు, జావళులు, అభినయం కలిశాయని పరిశోధకులు ఎత్తిచూపారు. 1959లో హైదరాబాదులో రాష్ట్ర సంగీత నాటక అకాడమీ సదస్సు పెట్టి కూచిపూడిని శాస్త్రీయ నృత్యంగా నిలబెట్టింది. ఆ పీట మీద కళావంతులకు చోటు రాలేదు.

ఇక్కడ మనం ఒక తప్పు చేయకూడదు. కళావంతులు దళితులు కారు. వాళ్ల నష్టాన్ని మన నష్టంగా చెప్పుకుంటే అది కూడా ఒక రకం దొంగతనమే. మన లెక్క వేరే ఉంది.

మన ఆడవాళ్లను జోగిని, మాతమ్మ, బసివి అని పేర్లు పెట్టి ఊరికి అప్పగించారు. జాతరలో, శవం ముందు ఆడించారు. దాన్ని ఎవరూ కళ అనలేదు, ఇప్పటికీ అనరు. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది 1988లో. ఇక మన చిందు కళాకారులు. వాళ్లు మాదిగల్ని ఆశ్రయించి బతికే దళితులు. జాంబపురాణం, యక్షగానాలు రాత్రంతా ఆడతారు. రాగం, తాళం, వేషం, పద్యం అన్నీ ఉన్నాయి. నిజామాబాదు జిల్లా చిందు ఎల్లమ్మ ఆడవేషాలే కాదు మగవేషాలూ కట్టి మెప్పించింది. కూచిపూడిలో మగవాడు సత్యభామ కడితే శాస్త్రీయం. ఎల్లమ్మ మగవేషం కడితే జానపదం. తేడా ఆటలో ఉందా, ఆడినవాళ్ల వాడలో ఉందా?

1936 అన్నాను కదా. కళాక్షేత్ర పుట్టిన ఆ ఏడాదే, జూన్ 16న, బొంబాయి దామోదర్ హాల్లో బాబాసాహెబ్ దేవదాసీ, జోగిని స్త్రీలతో మాట్లాడారు. ఆ బతుకు వదిలి రమ్మని అడిగారు. ఒక నగరంలో పై కులాల ఆడపిల్ల గజ్జె కట్టడం విప్లవం. ఇంకో నగరంలో మన ఆడపిల్ల గజ్జె విప్పడం విప్లవం. రెండూ ఒకే ఏడాది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా నాట్యచరిత్ర రాస్తే అది సగం చరిత్రే.

అందుకే మన కుర్రాడికి ఒక మాట. తమ్ముడూ, నీ కోపం నాకు తెలుసు. కానీ "బాపనోళ్ల డాన్సు" అన్నప్పుడు నువ్వు వాళ్ల పట్టాకే సాక్షి సంతకం పెడుతున్నావు. బాబాసాహెబ్ విప్పమన్నది బలవంతాన కట్టిన గజ్జెను. ఈ పిల్లకు ఎవరూ కట్టలేదు, తనే కట్టుకుంది. ఇష్టం లేనిరోజు విప్పి పక్కన పెట్టగలదు. మన అమ్మమ్మలకు లేనిది అదే.

అమ్మాయికి ఇదంతా రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పాను. విని వెళ్లింది. నిన్న పత్రిక అచ్చయి వచ్చింది. తాతయ్య డప్పు మాట అలాగే ఉంది, ఒక్క అక్షరం తీయలేదు. కింద ఒక వాక్యం కొత్తగా చేర్చింది: ఈ పదాలను మనదాకా తెచ్చిన కళావంతుల స్త్రీలకు నమస్కారం అని. ఆ వాక్యం నేను చెప్పింది కాదు.

పత్రిక చూసి కొందరు రామన్నారట. ఆ కుర్చీలు ఖాళీగా ఉండకూడదు. తాతయ్య మొదటి వరసలో కూర్చుంటాడు. దగ్గర్లో ఉన్న విద్యార్థులు ఇన్‌బాక్స్‌లో అడగండి, వివరాలు పంపుతాను.

వచ్చే వారం బుర్రకథ.

జై భీమ్.