వంగపండు పాటలు - శ్రోతల స్పందన

జనకవి వంగపండు ప్రసాదరావు (1943-2020) పాటలకు శ్రోతల ఆదరణ దాదాపు యాభై ఏళ్లు సాగింది. ఆయన స్వస్థలం పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లి.

శ్రీకాకుళ గిరిజన పోరాటం నాటికే జముకుల కథతో సుబ్బారావు పాణిగ్రాహి ఈ నేలను కదిలించారు. ఆ బాటలోనే వంగపండు పాట పెరిగింది. 1972లో గద్దర్‌తో కలిసి ఆయన జననాట్యమండలిని నిలబెట్టారు. కాలికి గజ్జె, ఉత్తరాంధ్ర యాస, వెంటనే అందుకోగల పల్లవి: సభలో జనం ఊరికే వినేవారు కాదు, వంత పాడేవారు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసినందువల్లే కాబోలు, యంత్రం నడిచే తీరు మీద కట్టిన ఆయన పాటను కార్మికులు తమదిగా చేసుకున్నారు. అది ఇతర భాషల్లోకీ వెళ్లింది.

‘ఏం పిల్లడో’ పాట కథ వేరు. ఉద్యమ సభల్లో పుట్టిన ఆ పిలుపు 2009లో ‘మగధీర’ సినిమా పాటలోకి చేరింది. కొత్త తరం దాన్ని హుషారు పాటగా విన్నది. పాతవారికి మాత్రం అందులో పోరుబాటే వినిపిస్తుంది. ఈ రెండో వినికిడే పాటకు అసలు ప్రాణం. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఆయనకు కళారత్న పురస్కారం ఇచ్చింది. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు.