చింతలనారు సీమలో క్రొత్తపంట పండుగ

చింతలనారు అను పేరునందే రెండు నుడులు జతగూడియున్నవి. ‘చింత’ తెలుగువారి చెట్టు. ‘నార్’ అనగా గోండీ భాషలో ఊరు. నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, సుకుమా జిల్లా కోంటా ప్రాంతములో, దోర్నపాల్ నుండి జగర్‌గుండకు పోవు బాటమీద ఈ గ్రామమున్నది. ఆ బాటమీదనే పోలంపల్లి, చేరువలో తాడ్‌మెట్ల కలవు. ఈ పేర్లు వినినంతనే పల్లెయు, తాటిచెట్ల మెట్టయు తెలుగువానికి స్ఫురించును. ఇట్టి సీమలో క్రొత్తపంట పండుగలును రెండు త్రోవల వచ్చినవి. ఒకటి అడవి బిడ్డల ‘పండుం’. రెండవది తెలుగువారి సంక్రాంతి.

బస్తరునకు తెలుగుతోడి చుట్టరికము నిన్నమొన్నటిది కాదు. ఇంద్రావతీ ప్రాంతమున బారసూరులో 1060 నాటి తెలుగు శాసనమొకటి కలదు. అప్పుడు చక్రకూట మండలమును నాగవంశపు రాజులు పాలించుచుండిరి. వారి సామంతుడును తెలుగు చోడుడునగు చంద్రాదిత్యుడు బారసూరులో శివాలయమును, తటాకమును కట్టించెను. గుడితోపాటు చెరువును త్రవ్వించుట ఆనాటి ప్రభువుల ఆచారము. చెరువు నీటితో పొలము పండవలెను, ఆ పంటతో దేవునికి నైవేద్యము జరుగవలెను. 1323లో ఓరుగల్లు కూలిన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజు బస్తరునకు వచ్చి రాజ్యము స్థాపించెనని 1703 నాటి దంతేవాడ శాసనము చెప్పుచున్నది. కాకతీయులమని చెప్పుకొనిన రాజులే 1948లో సంస్థానము భారతదేశమున విలీనమగువరకు గద్దెమీద నుండిరి. రాజుల కథ అట్లుండగా, కోంటా ప్రాంతపు దోర్లాలు మాటలాడు దోర్లీలో నేటికిని తెలుగు పలుకులు విస్తారముగా వినవచ్చును.

‘పండుం’ అను మాటకును మన ‘పండుగ’కును గల పోలిక స్పష్టమే. కోయ, దోర్లా పల్లెలలో విత్తులకొక పండుం, మామిడికొక పండుం, క్రొత్త ధాన్యమునకొక పండుం జరుగును. నియమము ఒక్కటే: ఊరి నేలతల్లికిని, ఇంటి పెద్దలకును సమర్పింపక ముందు క్రొత్తపంటను నోట పెట్టరాదు. దీనికి పంచాంగములో నిర్ణయించిన తిథి లేదు. వానను నమ్ముకొనిన మెట్ట చేలలో చిరుధాన్యములు, తొందరగా పండు వరి, వర్షర్తువు చివరకు చేతికి వచ్చును. చేను పండినప్పుడే పండుగ. ఊరి పెద్దయు, పూజారియు కూర్చుండి దినము నిర్ణయింతురు.

సంక్రాంతి మార్గము వేరు. సూర్యుడు మకరరాశిని ప్రవేశించు దినమది. నేడు జనవరి 14న గాని, 15న గాని వచ్చుచున్నది. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మరలునది మాత్రము డిసెంబరు 21, 22 తేదీలలోనే. రాశులను నక్షత్రములనుబట్టి లెక్కించుటచే, అయనచలనము వలన సుమారు 72 ఏండ్లకొక దినము చొప్పున ఈ యెడము పెరుగుచున్నది. దాదాపు 1,700 ఏండ్ల క్రిందట రెండును ఒక్కనాడే జరిగియుండును. ఉత్తరాయణ సంక్రాంతి నిమిత్తముగా భూములను, గోవులను దానము చేసినట్లు దక్షిణాపథపు శాసనములు పెక్కుమార్లు పేర్కొనినవి. ఆకాశమునుబట్టి వచ్చిన ఈ పుణ్యకాలము తెలుగునాట వరి నూర్పిళ్లు ముగియు కాలముతో కలిసినది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి డెల్టాలో వరిసాగు విస్తరించి, ఈ కలయికకు నిండుదనము చేకూర్చెను. అందుచేతనే అది పెద్దపండుగయైనది.

ఈ పండుగను నిలిపినది గుడికంటె ఇల్లు. నెల పట్టినది మొదలు వాకిట ముగ్గులు, గొబ్బెమ్మలు. భోగినాటి తెల్లవారుజామున మంటలు. సాయంకాలము పసిబిడ్డల తలపై రేగుపండ్లు, చెరకుముక్కలు, చిల్లర నాణెములు పోసి దిష్టి తీయుట. కొన్ని ఇండ్ల బొమ్మల కొలువు. క్రొత్త బియ్యము నానబోసి, దంచి, తడియారక ముందే బెల్లపు పాకమున కలిపి అరిసెలు వండుదురు. పాకము తప్పినచో అరిసె తప్పును గనుక ఆ పని ఇంటి పెద్ద ముత్తైదువదే. సంక్రాంతినాడు పితరులకు తర్పణము, గుమ్మడికాయ దానము. కనుమనాడు పశువులకు పూజ. ఆనాడు మినుములు తినవలెనని సామెత. చూరున వ్రేలాడగట్టిన వరికంకుల కుచ్చు పిచ్చుకల పాలు. హరిదాసు తలమీది పాత్రలో పిల్లలు బియ్యము పోయుదురు. ఛత్తీస్‌గఢ్ మైదానములలో పుష్య పూర్ణిమనాటి ‘ఛేర్‌ఛేరా’ పండుగకు పిల్లలే ఇంటింటికి పోయి ధాన్యము అడుగుదురు. పాత్ర పట్టినవారు వేరైనను, పంట వచ్చిన ఇల్లు పిడికెడు పెట్టవలెనను ధర్మము రెండుచోట్లను ఒక్కటే.

1960ల దశకమున కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము వేయబడి, 1968లో బైలాడిలా కొండలలో ఇనుపరాతి త్రవ్వకము మొదలగుటతో, ఉత్తరాంధ్ర నుండి ఉద్యోగుల కుటుంబములు ఇచ్చటికి వచ్చెను. క్వార్టర్ల ముంగిట ముగ్గులు వెలసెను. చేను లేని ఇంటను సంక్రాంతి జరిగెను. సూర్యుడు అన్నిచోట్లను ఒక్కనాడే రాశి మారును గదా! బియ్యము అంగడిలో కొనినదైనను పండుగకు లోపము రాలేదు.

పండుమునకు ఆ సౌలభ్యము లేదు. 2005 తరువాత చెలరేగిన సాయుధ సంఘర్షణలో కోంటా ప్రాంతపు పల్లెలు పెక్కు ఖాళీయయ్యెను. వేలకొలది జనులు సరిహద్దు దాటి నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లా అడవులలో తలదాచుకొనిరి. వారిని అచ్చట గుత్తికోయలని పిలుచుచున్నారు. 2010 ఏప్రిల్ 6న చింతలనారు చేరువ తాడ్‌మెట్ల కడ 76 మంది భద్రతా సిబ్బంది హతులైరి. వారిలో ఒక్కరు తప్ప అందరును కేంద్ర రిజర్వు పోలీసు దళమువారు. ఇంటి మనిషి పోయిన యేడు పండుగ చేయరాదని తెలుగు ఇండ్ల ఆచారము. ఏ ప్రాంతపు ఆచారమెట్లున్నను, ఆ ఇండ్లకును, ఊరు విడిచిన ఈ ఇండ్లకును, పండుగ ఒక్కరీతిగనే దూరమయ్యెను.

మిరపతోటలో కూలికి ఏరిన కాయ తన పంట కాదు. దానిని నేలతల్లికి సమర్పింప వీలులేదు. సమర్పింపవలసిన నేలయు, పెద్దల రాళ్లును వెనుకటి ఊరిలోనే యున్నవి. ఆకాశమునుబట్టి నడచు పండుగ మనిషి వెంట పోగలదు. మట్టినిబట్టి నడచు పండుగ మనిషి తిరిగి వచ్చువరకు కాచుకొనియుండవలెను. బస్తరులోని తెలుగు కుటుంబములు అరిసెలు వండుకొను దినమున ఈ భేదము తలపున నుంచుకొనుట ఉచితము. క్రొత్త ధాన్యమును మొదట పెద్దలకు పెట్టి పిదప తాము తినుట ఇరువురికిని సమానమైన ఆచారము. దానిని జరుపుకొనుటకు తన చేను, తన ఊరు గలవాడే పండుగకు పూర్తి హక్కుదారు. చింతలనారు చేలలో పండిన గింజ చింతలనారులోనే నైవేద్యమగు దినమున ఆ సీమకు పెద్దపండుగ వచ్చినట్లు.