ఇరుసు ఎక్కడ ఉండవలెను? – విశాల దృశ్య చిత్రముల కథ

శామీర్‌పేట చెరువు కట్టపై నిలిచిన వానికి ఎదుట కనబడు దృశ్యము చాల విశాలమైనది. ఒక ప్రక్క నీరు, దాని కావల దూరపు గట్టు. మరియొక ప్రక్క మేడ్చల్ వైపు సాగిపోవు మెట్ట నేలలు. నడుమ నడుమ గ్రానైటు గుండ్లు. మనిషి తల త్రిప్పి దీనినంతను చూడగలడు. కెమెరా కటకము మాత్రము ఒక్కసారికి అందులో కొంత భాగమునే పట్టగలదు. కనుక ఛాయాగ్రాహకుడు కెమెరాను త్రిపాదిపై నిలిపి, కొంచెము కొంచెముగా త్రిప్పుచు ఐదారు చిత్రములు తీసి, వాటి అంచులను కలిపి ఒక విశాల దృశ్య చిత్రమును కూర్చును. కూర్చిన తరువాత ఒక వింత కనబడును. దూరపు గట్టు అతుకు తెలియకుండ కలిసిపోవును. దగ్గరనున్న గుండు మాత్రము అతుకు వద్ద రెండుగా చీలియుండును. కెమెరా మంచిదే, త్రిపాదియు కదలలేదు. మరి తప్పు ఎక్కడ ఉన్నది?

తప్పు త్రిపాది తలలో, అనగా కెమెరాను త్రిపాదికి అమర్చు భాగములో ఉన్నది. ఈ భాగము వెనుకనున్న శాస్త్రము కెమెరా కంటె పాతది.

బొటనవ్రేలిని ముఖము ఎదుట నిలిపి, మొదట ఒక కన్ను, తరువాత రెండవ కన్ను మూసి చూచినచో, వ్రేలు దూరపు గోడపై ప్రక్కకు జరిగినట్లు తోచును. వ్రేలు జరుగలేదు, చూచెడి చోటు జరిగినది. దీనిని దృష్టి విక్షేపము అందురు. ఒకే గురుతును రెండు చోట్ల నుండి చూచి, కోణములను కొలిచి, దాని దూరమును గణించుట సర్వేయర్ల పని. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ప్రారంభించిన త్రికోణమితి సర్వే ఈ విధముగానే దక్షిణ దేశమంతటను వ్యాపించెను. 1818 చివర జార్జి ఎవరెస్టు ఆయనకు సహాయకుడుగా హైదరాబాదులో చేరి, మరుసటి యేడు కృష్ణా గోదావరుల నడుమ పని చేసెను. లాంబ్టన్ వాడిన పెద్ద థియోడొలైటు బరువు సుమారు అర టన్ను. దాని అడ్డపు చక్రము వ్యాసము 3 అడుగులు. అంతటి యంత్రమైనను రెండు నియమములు తప్పరాదు. చక్రము మట్టముగా ఉండవలెను. దాని ఇరుసు నేలపై గుర్తించిన బిందువునకు సరిగా పైన ఉండవలెను. మొదటిదానిని రసమట్టము, రెండవదానిని గుండు కట్టిన దారము తెలుపును.

సర్వే విద్యకును ఛాయాగ్రహణమునకును సికింద్రాబాదులో ఒక చక్కని కలయిక కలదు. లాలా దీనదయాళ్ 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగము చేయుచు 1874 ప్రాంతమున కెమెరా చేపట్టెను. 1880లలో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పెను. మేడ్చల్, శామీర్‌పేటలకు పోవు దారులు రెండును ఆ ఊరినుండియే బయలుదేరును. భారమైన కెమెరా, గాజు పలకలు మోసుకొని పోవలసిన ఆ రోజులలో త్రిపాదిని మట్టముగా నిలుపు నేర్పు ఎంత విలువైనదో ఊహింపవచ్చును.

అయినను ఆనాటి కెమెరాలలో ఒక చిక్కు ఉండెను. త్రిపాది మర పెట్టె అడుగున ఉండును. కటకము పెట్టె ముందు భాగమున ఉండును. త్రిప్పినపుడు కటకము ఒక చోట నిలువక చిన్న వలయములో తిరుగును. చూచెడి చోటు మారును కనుక విక్షేపము తప్పదు. మరి 1858లో ఫెలీచె బియాటో ఢిల్లీ జామా మసీదు మీదినుండి ఎన్నో పలకలపై తీసి కూర్చిన నగర దృశ్యము ఎట్లు అతికినది? ఎత్తయిన చోటినుండి చూచినపుడు దగ్గరి వస్తువులు తక్కువ. ఎత్తే ఆ దోషమును చాలవరకు కప్పినది.

ఒక లెక్క చూచిన ఈ సంగతి స్పష్టమగును. కటకము చూచెడి చోటు ఇరుసునకు 8 సెంటీమీటర్లు ముందున్నదనుకొందము. కెమెరాను 30 డిగ్రీలు త్రిప్పిన, ఆ చోటు 4 సెంటీమీటర్లకు కొంచెము పైగా ప్రక్కకు జరుగును. 2 మీటర్ల దూరములోని గుండు అందువలన సుమారు 1.2 డిగ్రీలు జరిగినట్లు కనబడును. చిత్రము 50 డిగ్రీల వెడల్పును 5,000 చుక్కలుగా చూపునదైనచో, గుండు దాదాపు 120 చుక్కలు తప్పును. ఒక కిలోమీటరు దూరములోని గట్టు పావు చుక్క మాత్రమే తప్పును; దానిని ఏ కన్నును పట్టలేదు. కనుక తలను ఎన్నుకొనుటకు ముందు అడుగవలసినది వెల కాదు. దృశ్యములో అన్నిటికంటె దగ్గరి వస్తువు ఎంత దూరములో ఉన్నదని.

కటకము చూచెడి చోటు ఏది? కటకములోనికి ముందునుండి చూచినపుడు లోపలి రంధ్రము ఎక్కడ ఉన్నట్లు కనబడునో అదియే. దానిని ప్రవేశ రంధ్రము అందురు. చాలమంది దీనిని నోడల్ బిందువని పిలిచెదరు. అది సరి కాదు. 1898లో వచ్చిన ఆల్‌విస్టా, 1899 నాటి కొడాక్ పనోరమ్ వంటి కెమెరాలలో కటకమే తిరుగుచు వంపుగా అమర్చిన ఫిల్ముపై చిత్రము వ్రాయును. అచ్చట ప్రతిబింబము ఫిల్ముపై జారకుండుటకు ఇరుసు వెనుక నోడల్ బిందువు గుండా పోవలెను. కెమెరానంతను త్రిప్పి విడి చిత్రములను అతుకునపుడు ఇరుసు ప్రవేశ రంధ్రము గుండా పోవలెను. పనులు రెండు, బిందువులును రెండు.

1995లో క్విక్‌టైం వి.ఆర్., 1998లో హెల్ముట్ డెర్ష్ రచించిన పనోరమా టూల్స్ వచ్చిన పిమ్మట కంప్యూటరుపై చిత్రములను అతుకుట సులభమైనది. దగ్గరి వస్తువులను గూడ చేర్చవలెనను కోరిక పెరిగినది. అందులకు తగిన తలలో కెమెరాను ముందు వెనుకలకు జరుపుటకు కొలతలు గీసిన పట్టీ, నియమిత కోణముల వద్ద ఆగు తిరుగుడు చక్రము ఉండును. సామాన్యమైన బంతి తలలో తిరుగుడు భాగము బంతి క్రింద ఉండుట వాడుక. అట్టి తలపై త్రిపాది కాళ్లు మట్టముగా లేనిచో, కెమెరాను ఎంత సరిచేసినను తిరుగునపుడు అది వాలును. తిరుగుడు చక్రము క్రింద మట్టము చేయు భాగము ఉన్న తల మేలు. కంప్యూటరు అతుకును గుండు మీదినుండి తప్పించి దోషమును దాచగలదు. కాని గుండు వెనుక దాగిన దానిని, ఏ చిత్రములోను లేని దానిని, చూపలేదు.

ఈ సూక్ష్మత అందము కొరకు మాత్రమే కాదు. ఫ్రాన్సులో లోసెదా 19వ శతాబ్ది మధ్యలోనే చిత్రములనుండి పటములు గీయు విధానమును వృద్ధి చేసెను. కెనడాలో దేవిల్ నాయకత్వమున సర్వేయర్లు 1880ల నుండి కొండ శిఖరములపై కెమెరాలు నిలిపి రాకీ పర్వతములను చిత్రించిరి. ఆ స్థానములకే మరల ఎక్కి, అవే దృశ్యములను తీసి, విక్టోరియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు హిమానీనదములు ఎంత తగ్గినవో, అడవులు ఎట్లు మారినవో చూపిరి. చోటు సరిగా తెలిసినందుననే పాత చిత్రము సాక్ష్యమైనది.

అట్టి సాక్ష్యము మేడ్చల్, శామీర్‌పేటలకును అవసరము. ఇచ్చటి గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. దానిని పగులగొట్టుటకు కొన్ని దినములు చాలును. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది. నగరము ఈ వైపు వ్యాపించుచున్నది. మారిన పిమ్మట మునుపు ఏ గుండు ఎక్కడ ఉండెనో జ్ఞాపకముతో చెప్పుట కష్టము.

ఈ పనికి ఖరీదైన తల లేకున్నను ఒక ఉన్నత పాఠశాల పూనుకొనవచ్చును. కదలని బండపై ఒక గురుతు చెక్కవలెను. ఫోను కటకము ప్రక్కనే దారము అంటించి, కొనకు చిన్న గుండు కట్టి, అది గురుతు మీదినుండి తొలగకుండ చూచుకొనుచు ఫోనును త్రిప్పి చిత్రములు తీయవలెను. తేదీ, వేళ, దారము పొడవు, మొదటి చిత్రపు దిక్కు వ్రాసి ఉంచవలెను. ప్రతి యేడు చెరువు నిండిన దినములలో ఒకమారు, వేసవిలో ఒకమారు ఇట్లు చేసినచో, పదేండ్లకు ఆ పాఠశాల బీరువాలో ఇరువది దృశ్యములు చేరును. లాంబ్టన్ థియోడొలైటు క్రింద వ్రేలాడిన దారమును, విద్యార్థి ఫోను క్రింద వ్రేలాడు దారమును చేయునది ఒకే పని.