టూ హిట్

స్కిజోఫ్రెనియా పరిశోధనలో తరచూ వినబడే ‘టూ హిట్’ అన్న మాట క్యాన్సర్ వైపు నుంచి వచ్చింది. 1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్‌సన్ పసిపిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా కేసులు 48 పరిశీలించి, కణితి పుట్టడానికి రెండు జన్యుమార్పులు కావాలన్నాడు. ఆ రెండు దెబ్బలూ జన్యువు మీదే. మనోవైద్యులు 1990ల చివరికి ఈ మాటను అరువు తెచ్చుకుని అర్థం సాగదీశారు: మొదటి దెబ్బ పుట్టుకతోనో కడుపులోనో తగిలేది, రెండోది ఎదిగే వయసులో.

గోరుచుట్టు మీద రోకటిపోటు అనబుద్ధేస్తుంది. కానీ గోరుచుట్టు ముందే సలుపుతుంది. ఇక్కడ మొదటి దెబ్బ ఒక్కటే అయితే బయటపడకపోవచ్చు. జాన్స్ హాప్కిన్స్ బృందం 2013లో ప్రచురించిన ప్రయోగం చూడండి. డిస్క్-1 జన్యువులో లోపం పెట్టిన చుంచెలుకలను ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా, అంటే వాటి కౌమారంలో, ఒంటరిగా ఉంచారు. పెద్ద చప్పుడుకు ముందు చిన్న చప్పుడు వినిపిస్తే మామూలు ఎలుక అంతగా ఉలిక్కిపడదు. వీటిలో ఆ నిగ్రహం తగ్గింది. లోపం ఒక్కటే ఉన్నవాటికీ, ఒంటరితనం ఒక్కటే అనుభవించినవాటికీ ఏమీ కాలేదు.

ఎలుకకు స్కిజోఫ్రెనియా వచ్చిందని మాత్రం రాయకూడదు. చెవిలో గొంతులు వినబడుతున్నాయా అని దాన్ని అడగలేం కదా! అదే ప్రయోగంలో ఆ చుంచెలుకలకు ఒత్తిడి హార్మోన్ పనికి అడ్డుపడే మందు ఇస్తే, ఉలికిపాటులో కనిపించిన ఆ తేడా సర్దుకుంది.