బస్తర్ గద్దె మీద పసిపిల్లలు

మా హాస్టల్లో బస్తర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు కొందరున్నారు. ఇక్కడ వాళ్ళను గుత్తికోయలంటారు, వాళ్ళు మాత్రం మురియాలమని చెప్పుకుంటారు. ఒకరోజు రాత్రి చదువు వేళ ఒక పాప, "ఆరేళ్ళ పిల్లోడు రాజైతే ఆర్డర్లు ఎవరేస్తారు మేడం?" అని అడిగింది. జవాబు వాళ్ళ తాతల ఊళ్ళలోనే ఉందని చెప్పాము.

ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి దాటి వెళ్ళి తమ వంశాన్ని నిలిపాడని బస్తర్ రాజులు చెప్పుకుంటారు. ఆ వంశంలో భైరమ్‌దేవ్ 1891లో చనిపోయేనాటికి కొడుకు రుద్రప్రతాప్‌దేవ్‌కు ఆరేళ్ళు. చదువుకని పిల్లవాడిని రాయపూర్ రాజకుమార్ కాలేజీకి పంపారు. 1908 వరకు సంస్థానాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన అధికారులే నడిపారు. గద్దె ఖాళీగా లేదు. పన్నులూ ఉత్తర్వులూ రాజు పేరునే ఉన్నాయి. రాజుకే ఏమీ తెలియదు.

పెద్దవాడైన రాజుంటే ఏం జరిగేదో 1876 చూపిస్తుంది. ఆ ఏడాది భైరమ్‌దేవ్ ఊరు విడిచి వెళ్తుంటే మురియాలు దారిలో అడ్డం తిరిగారు, తర్వాత జగదల్‌పూర్‌ను చుట్టుముట్టారు. వాళ్ళ కోపం దివాను మీద. చివరికి దివానును తొలగించక తప్పలేదు. రాజు మంచివాడని కాదు, నిలదీయడానికి ఒక మనిషి ఎదురుగా ఉన్నాడు. పసిరాజు కాలంలో ఎవరిని నిలదీయాలి? అధికారి వస్తాడు, బదిలీ మీద పోతాడు.

అడవికి దెబ్బ తగిలింది ఆ కాలంలోనే. 1905లో బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలని ప్రతిపాదించారు. పోడు, వేట, అటవీ ఫలసాయం ఆపాలన్నారు. పైగా వెట్టి, పెరిగిన శిస్తులు. 1899-1900లో ఒకసారి, 1907-08లో మరోసారి కరువు. రుద్రప్రతాప్ చేతికి అధికారం వచ్చేసరికి ఈ భారమంతా అప్పటికే ఊళ్ళ మీద పడి ఉంది.

1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ లేచింది. మామిడి రెమ్మలు, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి తిరిగాయి. నేతానార్ గుండాధుర్ పేరు అందరికీ తెలుసు. కానీ రాజుగారి బంధువు, మాజీ దివాను లాల్ కాలేంద్రసింగ్‌నూ, భైరమ్‌దేవ్ రాణి సువర్ణ కుంవర్‌నూ కూడా పట్టుకున్నారన్న మాట మన పాఠ్యపుస్తకాల్లో రాదు. తిరుగుబాటును అణచడానికి మే దాకా పట్టింది. రిజర్వు పని కొంతకాలం ఆగింది, విస్తీర్ణం ముందు అనుకున్నదానిలో దాదాపు సగానికి తగ్గింది.

1921లో మళ్ళీ అదే కథ. రుద్రప్రతాప్ పోయేనాటికి కూతురు ప్రఫుల్లకుమారికి పన్నెండేళ్ళయినా నిండలేదు. ఆమె 1936లో లండన్‌లో కన్నుమూస్తే గద్దె చిన్నపిల్లాడైన ప్రవీర్‌చంద్రకు వచ్చింది. పూర్తి అధికారాలు 1947లో వచ్చాయి, మరుసటి ఏడాది సంస్థానమే విలీనమైంది. అంతటితో అయిపోలేదు. 1953లో ఆయన ఆస్తిని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందకు తెచ్చారు, పాతికేళ్ళ మనిషికి పసివాడి చట్టం! 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో ఆదివాసులతో పాటు ఆయనా చనిపోయాడు.

ఆ రాజ్యంలోనే ఇంకో పసిపిల్ల మాటకున్న విలువ వేరు. బస్తర్ దసరాకు ముందు మిర్గాన్ కులపు చిన్నపిల్ల ముళ్ళ ఊయల మీద కాఛన్‌దేవిగా పడుకుంటుంది. ఆమె అనుమతి ఇస్తేనే రాజు పండుగ మొదలు పెట్టాలి. ఇది వినగానే పాప లేచి కూర్చుంది.

హాస్టల్లో చాలా కాగితాల మీద పిల్లల తరఫున సంతకం మాదే. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాం, ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రాత్రి తర్వాత నుంచి సంతకానికి ముందు ఆ పిల్లను పిలిచి కాగితం చదివి వినిపిస్తున్నాం.