హైడ్రాలిక్ క్లచ్ బ్లీడింగ్
మాస్టర్ సిలిండర్ నుంచి స్లేవ్ సిలిండర్ దాకా గొట్టంలో చిక్కిన గాలిని, పాత ద్రవాన్ని బయటికి పంపే పనే హైడ్రాలిక్ క్లచ్ బ్లీడింగ్. ఒత్తిడికి ద్రవం దాదాపు కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. అందుకే గాలి చిక్కితే పెడల్ మెత్తబడి గేర్లు మొరాయిస్తాయి. హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి రద్దీలో మాటిమాటికీ క్లచ్ తొక్కే వాహనానికి పెడల్ మెత్తబడితే, క్లచ్ ప్లేటే అరిగిందనుకోవడం తేలిక. అరిగిన ప్లేటు సాధారణంగా జారుతుంది. మెత్తని పెడల్ దాని లక్షణం కాదు. బ్లీడింగ్ ఇంట్లోనే చేయాలంటే ఒకరు పెడల్ తొక్కిపట్టగా మరొకరు బ్లీడర్ స్క్రూ వదులుచేయాలి. దాన్ని బిగించాకే పెడల్ వదలాలి, రిజర్వాయర్ ఖాళీ కాకూడదు. తయారీదారు సూచించిన ద్రవమే వాడాలి. డాట్ 4 ద్రవం తేమ పీలుస్తుంది, పెయింటును తినేస్తుంది. పెద్దగా ఖర్చు లేదు గనుక బ్లీడింగే చాలన్న వాదన పూర్తిగా నిలవదు: గాలి మళ్లీ మళ్లీ చేరితే చాలావరకు సీలో, మరో భాగమో లీకవుతున్నట్టే, దాన్ని సరిచేయాల్సిందే.