పసినోటికి అందిన బొమ్మ

ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్లలో బొమ్మల అంగళ్ల ముందు జనము తగ్గదు. నడక నేర్చిన పిల్లవానికి బండియు, ఆడపిల్లకు లక్కపిడతలును, చంకబిడ్డకు గిలకయు కొనక ఇల్లు చేరువారు అరుదు. పెద్దపిల్లలకు బొమ్మ చేతి వస్తువు. చంకబిడ్డకు అది నోటి వస్తువు. ఇంచుమించు ఆరవ నెల మొదలుకొని చిగుళ్లు సలుపుచుండగా, చొంగ కార్చుచు, చేతికందిన దానినెల్ల బిడ్డ నమలును. కనుక గిలక కొనునపుడు దాని రూపముకంటె ముందు దాని పూతను గూర్చి విచారింపవలెనని మా అభిప్రాయము. ఈ విచారణకు ఒక చరిత్ర కలదు. అందులో తెలుగువారి పాలు కొంత యున్నది.

చరకసంహిత శారీరస్థానమున శిశువుల ఆటవస్తువులకు లక్షణములు చెప్పబడినవి. బొమ్మ చూచుటకు ఇంపుగా నుండి చప్పుడు చేయవలెననియు, బరువుగాని వాడిమొనగాని దానికి ఉండరాదనియు, బిడ్డను జడిపించునదిగాని నోటిలో దూరునదిగాని కారాదనియు అందలి భావము. కాశ్యపసంహిత దంతములు మొలచుటను గూర్చి ఒక అధ్యాయమునే కేటాయించినది. నేటి ప్రమాణముల ప్రకారము 31.7 మిల్లీమీటర్ల వ్యాసము గల చిన్న గొట్టములో పూర్తిగా ఇమిడిపోవు భాగమేదియు మూడేండ్లలోపు పిల్లల బొమ్మలలో ఉండరాదు. చరకుని మాటకు ఒక కొలత చేరినదన్నమాట. కాని రంగును గూర్చిన ప్రత్యేకమైన హెచ్చరిక ఆ లక్షణములలో కనబడదు. దానిని లోకము నేర్చుకొనుటకు దూరదేశపు బిడ్డలు వ్యాధిపాలు కావలసివచ్చినది.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున లాక్‌హార్ట్ గిబ్సన్ అను నేత్రవైద్యుడు 1904లో ఒక విషయమును వెల్లడించెను. తన వద్దకు వచ్చు పిల్లల సీసవిషమునకు మూలము ఇంటి వసారా కమ్మీల మీది తెల్లరంగే అని. ఎండకు పొడిపొడిగా రాలిన ఆ రంగు పిల్లల వ్రేళ్లకు అంటి నోటికి చేరుచుండెను. పలువురు నమ్మలేదు. ఆ రాష్ట్రమున పిల్లలకు అందుచోట్ల సీసపు రంగును నిషేధించు చట్టము 1922లో గాని రాలేదు. ఈలోపల 1914లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున తన మంచము కమ్మీల రంగును కొరికి తిన్న ఒక బాలుని మరణమును థామస్, బ్లాక్‌ఫాన్ అను వైద్యులు ప్రకటించిరి. సీసము ఎముకలలో నిలువయై, ఎదుగుచున్న మెదడును చెరచును. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నేడు చెప్పుచున్నది.

బొమ్మల మాట అటుండగా, పండ్లు సుఖముగా వచ్చునని అమ్మిన మందుపొడులే కొందరు బిడ్డలకు ముప్పు తెచ్చినవి. ఇంగ్లండు మున్నగు దేశములలో ఈ పొడులలో పాదరసపు లవణము కలిపెడివారు. చేతులు, కాళ్లు గులాబిరంగుకు తిరిగి బిడ్డ కృశించు ఒక వ్యాధికి పాదరసమే కారణమని వార్కనీ, హబ్బర్డు అను వైద్యులు 1948లో చూపిరి. 1950లలో ఆ పొడులు అంగళ్ల నుండి తొలగినవి. వ్యాధియు వాటి వెంటనే పోయినది.

ఇక మన వైపు చూతము. ఉయ్యూరు మీదుగా పోవు బాట బందరు చేరును. ఆ బందరు అద్దకములకు ఎరుపు చిరివేరు నుండి వచ్చెడిది, నీలము నీలిచెట్టు నుండి. 1856లో పెర్కిన్ అను ఆంగ్లేయుడు కృత్రిమవర్ణమును కనుగొనెను. 1897 నాటికి జర్మనుల కృత్రిమనీలి అంగడికెక్కెను. వేరు త్రవ్వి, నానబెట్టి, కాచు శ్రమ లేకుండ, పొట్లము విప్పిన రంగు వచ్చుచుండగా పాతపద్ధతి ఎట్లు నిలుచును? ఆ రంగులు బట్టలకే గాక బొమ్మలకును ప్రాకినవి.

ఏటికొప్పాక చరిత్ర ఇదే. వరాహనది ఒడ్డున, నేటి అనకాపల్లి జిల్లాలో నున్న ఆ యూరివారు అంకుడు కఱ్ఱను తరిమెనపై గిరగిర త్రిప్పుచు బొమ్మలు మలచుదురు. తిరుగుచున్న కొయ్యకు రంగు కలిపిన లక్కకడ్డీని ఒత్తగా, రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు పట్టును. పిమ్మట మొగలి ఆకుతో మెరుగు పెట్టుదురు. లక్క పురుగులు చెట్ల కొమ్మలపై విడుచు జిగురు. శుద్ధి చేసిన లక్కను మాత్రలకును మిఠాయిలకును పూతగా నేటికిని వాడుచున్నారు. కనుక లక్క మేలైనదే. అనుమానమెల్ల అందు కలిపిన రంగును గూర్చియే. ఆ రంగులను మరల పసుపు, నీలి, జాఫ్రాగింజలు మొదలైన వానివైపు మరల్చుటకు ఆ గ్రామవాసియైన సి.వి. రాజు గత శతాబ్ది చివరి దశాబ్దములు మొదలుకొని పాటుపడెను. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించినది. ఏటికొప్పాక బొమ్మకు భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చినది.

మన జిల్లావారికి కొండపల్లి బొమ్మమీద మమకారము సహజము, మాకును కలదు. కాని అది పసినోటికి తగినది కాదు. పొణికి కఱ్ఱ మిక్కిలి మెత్తనిది. అవయవములను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికింతురు. పైన ఎనామిలు రంగులు వేయుటయు కలదు. దశావతారములను కొలువులోనే ఉంచుట మంచిది.

చట్టము ఆలస్యముగనైనను వచ్చినది. గృహాలంకరణపు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో నియమము చేయబడి, 2017 నవంబరు నుండి అమలైనది. బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర 2021 జనవరి 1 నుండి తప్పనిసరియైనది. అయితే నమోదైన చేతిపనివారు తామే చేసి అమ్ము బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకును అందు మినహాయింపు గలదు. చేతిపని బ్రతుకుటకు ఇది అవసరమే యని మేము ఒప్పుకొందుము. కాని దానివలన బొమ్మ మీది పూతను విచారించు భారము తల్లిమీద పడినది. లక్కపూతయా, డబ్బా రంగా, రంగు దేనినుండి తీసిరి అని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు. చేసినవాడే అమ్మువాడైనచో జవాబు తెలిసియే యుండును. తడి తెల్లగుడ్డతో రుద్దిన రంగు దిగు గిలకను కొనరాదు. రంగు దిగకున్నంత మాత్రమున సీసము లేదని నమ్మరాదు. దానిని ప్రయోగశాలయే చెప్పవలెను. సందేహము తీరనిచో రంగులేని నున్నని కొయ్యగిలక చాలును. లక్క గిలకను మరుగునీటిలో మాత్రము వేయకుడు. పూత మెత్తబడి ఊడును. తడిగుడ్డతో తుడిచి నీడను ఆరబెట్టినచో చాలును.